సంతకం ఒకరిది, పనితనం నలుగురిది

రెండు సంచికల క్రితం ఈ శీర్షికలో సాలార్‌జంగ్ మ్యూజియం తూర్పు విభాగంలోని జపాన్ పింగాణీ గురించి రాసిన తరువాత, అదే దేశపు చెక్క అచ్చు బొమ్మల గురించి అడుగుతూ పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో హిమాయత్‌నగర్ నుంచి వచ్చిన ఉత్తరం వివరంగా ఉంది, ఫొటోలు కూడా జతపరిచారు. అందువల్ల ముందుగా దానిని తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా తాతగారు నిజాం కాలంలో రైల్వేలో పనిచేసేవారు. ఆయన గదిలో ఎప్పటినుంచో ఒక జపాన్ బొమ్మ ఉండేది. చెక్క వంతెన మీద జనం వానలో తలలు దాచుకుని పరుగులు తీస్తుంటారు. కింద నదిలో ఒక మనిషి తెప్ప నడుపుతుంటాడు. ఈమధ్య పాత ఇల్లు ఖాళీ చేస్తూ ఫ్రేము విప్పి, ముందూ వెనకా ఫొటోలు తీసి పంపుతున్నాను. హిరోషిగె అనే చిత్రకారుడి బొమ్మ ఇదనీ, పెద్దపెద్ద మ్యూజియంలలో ఉందనీ ఇంటర్నెట్‌లో చూశాం. ఒకే బొమ్మ అన్ని చోట్ల ఉన్నప్పుడు మన దగ్గరున్నది నకలు కాక మరేమిటని మా తమ్ముడు అంటున్నాడు. చిత్రకారుడి సంతకం స్పష్టంగా ఉంది కాబట్టి ఇది అసలుదేనని నా నమ్మకం. మా ఇద్దరిలో ఎవరి మాట నిజం? దీని విలువ ఎంత ఉండవచ్చు?
– ఒక పాఠకురాలు, హిమాయత్‌నగర్

జవాబు: అమ్మా, మీ ఇద్దరి వాదనలూ నిలవవు. చేత్తో వేసిన రంగుల చిత్రమైతే రెండోది కనబడగానే అనుమానించాలి. చెక్క అచ్చు చిత్రం సంగతి అది కాదు. మొదటినుంచీ వందలకొద్దీ ప్రతులు తీసి అంగట్లో అమ్మడానికే దానిని తయారు చేశారు. కాబట్టి ఇదే బొమ్మ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ, బ్రూక్లిన్ మ్యూజియంలోనూ, మరెవరి ఇంటి గోడమీదనో ఉన్నప్పటికీ అన్నీ అసలైన ప్రతులే కావడానికి ఆటంకమేమీ లేదు. ఇక సంతకానికి వస్తే, అది ప్రతి కాగితం మీదా చిత్రకారుడు కలం పట్టి చేసినది కాదు. మూల చిత్రంలో కుంచెతో రాసిన అక్షరాలను మిగతా గీతలతోపాటే చెక్కలో చెక్కేశారు. 1857లో తీసిన ప్రతిమీదా, నిరుడు తీసిన నకలుమీదా అదే సంతకం పడుతుంది. అందుచేత అడగవలసిన ప్రశ్న వేరు: ఈ కాగితం ఏ దిమ్మెల (బొమ్మను చెక్కిన చెక్క పలకల) మీద, ఏ కాలంలో, ఎలాంటి చేతి కింద అచ్చయింది?

మీ దగ్గరున్న దృశ్యం ఉతగవ హిరోషిగె (1797–1858) గీసిన ‘ఎడో నగరపు వంద ప్రసిద్ధ దృశ్యాలు’ అనే వరుసలోనిది. ఎడో అంటే నేటి టోక్యో. నదిమీది వంతెన పేరు షిన్-ఓహాషి, ఆవలి ఒడ్డు పేరు అతాకె. 1856లో మొదలైన ఈ వరుసను ఉవోయా ఎయికిచి అనే ప్రచురణకర్త వెలువరించాడు. వంద అన్న మాటే గానీ, చిత్రాలు వంద దాటిపోయి ఒక్క హిరోషిగె గీసినవే 118 ఉన్నాయి. వానబొమ్మ 1857 తొమ్మిదో నెలలో వెలువడింది. మరుసటి ఏడాదికే ఆయన కన్నుమూశాడు. యూరప్‌లో దీనికి వచ్చిన పేరులో పెద్ద భాగం వాన్ గో చలవే. 1887లో ఆయన ఈ బొమ్మను ఎదురుగా పెట్టుకుని నూనె రంగులలో మళ్లీ వేసుకున్నాడు.

ఇటువంటి బొమ్మ వెనుక నలుగురు ఉంటారు. పెట్టుబడి పెట్టి, ఏ దృశ్యం అమ్ముడుపోతుందో నిర్ణయించే ప్రచురణకర్త, గీసే చిత్రకారుడు, చెక్కేవాడు, అచ్చువేసేవాడు. వీరిలో చిత్రకారుడి పేరు బొమ్మలోనూ, ప్రచురణకర్త గుర్తు సాధారణంగా అంచునా కనిపిస్తాయి. చెక్కినవాడి పేరు అప్పుడప్పుడు మాత్రమే ఉంటుంది, అచ్చు వేసినవాడి పేరు మరీ అరుదు. ఒక ప్రతి మంచిదా కాదా అని తేల్చేది మాత్రం ఈ చివరి ఇద్దరి పనే. అందుకే సంతకాన్ని నేను అన్నిటికన్నా చివర చూస్తాను.

భూతద్దం పెట్టి చూసినప్పుడు రంగు చిన్నచిన్న చుక్కలుగా విడిపోతే, అది క్యాలెండర్లు వేసే యంత్రం మీద అచ్చయిన బొమ్మ. అక్కడితో పరీక్ష ముగిసినట్టే. మీరు పంపిన దగ్గరి ఫొటోలలో చుక్కలు లేవు. రంగు కాగితపు పీచులోకి ఇంకిపోయి ఉంది, నదిమీది నీలంలో చెక్క పొరల చారలు తెలుస్తున్నాయి. వెనుకవైపు ఫొటో ఇంకా విలువైనది. కాగితాన్ని దిమ్మె మీద పరచి చేత్తో గట్టిగా రుద్దినప్పుడు పడే వంపు రాపిడి గుర్తులు, ముందువైపు నుంచి ఊరి వచ్చిన నీలం అందులో స్పష్టంగా కనిపిస్తున్నాయి. కనుక ఇది చెక్క దిమ్మెల మీద చేత్తో అచ్చువేసినదే. ఈ మేరకు మీ తమ్ముడు వెనక్కి తగ్గాలి.

అయితే ఆ దిమ్మెలు 1857 నాటివా? ఇక్కడే మీకు నచ్చని మాట చెప్పవలసి వస్తోంది. బ్రూక్లిన్ మ్యూజియం దగ్గర ఈ వరుస మొత్తం ఉంది, దాని చిత్రాలను ఇంటర్నెట్‌లో ఎవరైనా పెద్దవి చేసి చూడవచ్చు. దానిని మీ ఫొటో పక్కన పెట్టి వాన గీతలను పోల్చాను. వంతెన మీద గొడుగు పట్టుకున్న వ్యక్తుల దగ్గర ఏ గీత గొడుగు అంచును ఎక్కడ తాకుతోంది, ఏది ఎక్కడ ఆగిపోతోంది అని చూస్తూ పోతే, మీ ప్రతిలో చాలా గీతలు ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉన్నాయి. దిమ్మె అరిగితే గీత లావెక్కుతుంది, తెగుతుంది, అంచు విరుగుతుంది. తన చోటు మాత్రం మార్చుకోదు. గీత జరిగిందంటే ఎవరో కొత్త చెక్క మీద మళ్లీ చెక్కారని అర్థం. కాగితం మందంగా, తెల్లగా ఉండటం, బొమ్మ చుట్టూ ఉండే నల్లగీత ఎక్కడా విరగకపోవడం, పైన కారుమేఘం మసక క్రమంగా కరిగిపోవలసింది ఒక్కసారిగా తెగిపోవడం కూడా ఆ మాటే చెబుతున్నాయి.

పై అంచున ఉన్న చిన్న ముద్రల గురించి మీరు విడిగా అడిగారు. ఆ రోజులలో బొమ్మ అచ్చు కావాలంటే ప్రభుత్వ తనిఖీ దాటాలి. 1790 ప్రాంతం నుంచి 1842 వరకు ‘కివమె’ అనే ఒకే గుండ్రటి ముద్ర ఉండేది. తరువాత తనిఖీదారుల పేర్ల ముద్రలు వచ్చాయి. 1850ల నుంచి తనిఖీ అయినట్టు తెలిపే ‘అరతమె’ ముద్రతోపాటు సంవత్సరాన్ని, నెలను తెలిపే ముద్ర కూడా వేయసాగారు. జపాన్‌లో సంవత్సరాలను పన్నెండు జంతువుల వరుసతో లెక్కించేవారు కాబట్టి, మీ బొమ్మ మీద పాము సంవత్సరం తొమ్మిదో నెల అని ఉంది, అంటే 1857. ఈ పద్ధతి 1875తో ముగిసింది. ముద్ర ఉన్నంత మాత్రాన ఆ తేదీకి అచ్చయినట్టు కాదు. మళ్లీ చెక్కేవాడు సంతకంతోపాటు ముద్రనూ తీసుకొచ్చి పెడతాడు. అందులో మోసం ఉండాలనేమీ లేదు, పాత బొమ్మను ఉన్నదున్నట్టు దించడమే వారు పెట్టుకున్న నియమం. పాత ప్రతులలో చాలావాటికి అంచులు కత్తిరించేయడం వల్ల ముద్రలే పోయాయన్నది కూడా గుర్తుంచుకోదగ్గ విషయం.

రంగుల సాక్ష్యం కూడా ఉంటుంది గానీ మీ బొమ్మ విషయంలో అంతగా అక్కరకు రాదు. ఐరోపా నుంచి ఓడలలో వచ్చిన ప్రష్యన్ నీలం 1830 ప్రాంతం నుంచి ఈ బొమ్మలలో విరివిగా కనిపిస్తుంది. మరో చిత్రకారుడు హొకుసాయి (1760–1849) గీసిన ఫుజి పర్వతపు దృశ్యాలకు, హిరోషిగె నదులకు, ఆకాశాలకు ఆ లోతు వచ్చింది దానివల్లనే. 1860ల తరువాత రసాయన రంగులు వచ్చి ఎరుపు, ఊదా కళ్లు చెదిరేలా మారాయి. 1830 నాటిదని చెప్పే బొమ్మలో అలాంటి ఊదా కనబడితే అమ్మేవాడిని నమ్మకండి.

నా అంచనాలో మీది 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో, విదేశీ కొనుగోలుదారులను దృష్టిలో పెట్టుకుని నైపుణ్యం ఉన్న పనివారు మళ్లీ చెక్కి తీసిన ప్రతి. మీ తాతగారి కాలానికి కూడా అది సరిపోతుంది. విలువ కొన్ని వేల రూపాయల స్థాయిలో ఉంటుంది. ఇన్సూరెన్సు చేయించేంత కాదు, పాత సామాన్లవాడికి ఇచ్చేసేంతా కాదు. హొకుసాయి ‘మహా తరంగం’ పాత ప్రతి ఒకటి 2023లో న్యూయార్క్ వేలంలో 27.6 లక్షల డాలర్లు పలికిన వార్త చదివి చాలామంది ఇంట్లో ఉన్న ప్రతి జపాన్ బొమ్మనూ నిధిగా చూస్తున్నారు. ఆ ధర తొలి ముద్రణల స్ఫుటత్వానికి, చెడని రంగులకు పలికినది. అచ్చయిన రోజున మాత్రం ఇవి ఒక గిన్నె సోబా (జపాన్ నూడుల్స్) ధరకు అటూ ఇటూగా సామాన్యులకు దొరికేవి. ఫొటో పెడితే చాలు ధర చెబుతామనే వెబ్‌సైట్లను నమ్మవద్దని నా సలహా, అవి సంతకాన్ని తప్ప గీతను చూడవు.

ప్రశ్న: నేను ప్రింట్‌మేకింగ్ నేర్చుకుంటున్నాను. లినోలియం మీద మూడు రంగులు వేసేసరికే ఒకటి పక్కకు జరిగిపోతోంది. జపాన్ బొమ్మలలో పది, పదిహేను రంగులు ఉన్నా గీత తప్పదు. ప్రెస్సు లేదు, నూనె సిరా లేదు. వారికి అది ఎలా సాధ్యమైంది? హైదరాబాద్‌లో అలా చేసి చూడవచ్చా?
– ఒక విద్యార్థి, మాసాబ్‌ట్యాంక్

జవాబు: రహస్యం దిమ్మె మూలలో ఉంది. ప్రతి దిమ్మె మీదా బొమ్మకు బయట, కుడివైపు కింది మూలలో మూలమట్టం ఆకారంలో ఒక మెట్టు, అదే కింది అంచున ఎడమవైపుగా ఒక తిన్నని మెట్టు, కాగితం మందమంత లోతున చెక్కి ఉంటాయి. వీటిని ‘కెంతో’ అంటారు. కాగితం మూలను మొదటి మెట్టులో ఆనించి, అంచును రెండో మెట్టుకు తాకించి మెల్లగా వదిలితే, ఎన్నో దిమ్మె అయినా కాగితం అదే చోటికి వస్తుంది. మీరు గుర్తులను బల్లమీద పెడుతున్నట్టున్నారు. వారు చెక్కలోనే చెక్కుతారు. అసలు తేడా ఇదే.

కెంతో ఒక్కటే ఉంటే సరిపోదు, అన్ని దిమ్మెలూ ఒకే గీత నుంచి పుట్టాలి. చిత్రకారుడు పలుచని కాగితం మీద నల్ల సిరాతో గీసిన బొమ్మను చెక్కేవాడు చెర్రీ పలక మీద తిరగేసి గంజితో అతికిస్తాడు. ఆరిన తరువాత వెనుక పొరను వేలితో రుద్ది తీసేస్తే గీతలు అద్దంలో కనబడినట్టు తిరగబడి బయటపడతాయి. ఆ కాగితం మీదుగానే కత్తి నడుస్తుంది కాబట్టి చిత్రకారుడు స్వయంగా గీసిన బొమ్మ ఆ క్షణానే నాశనమవుతుంది. ప్రతి గీతకూ రెండు వైపులా కత్తితో కోసి, చుట్టూ ఉన్న చెక్కను ఉలితో తీసేస్తే గీత గట్టులాగా నిలబడుతుంది. వానబొమ్మలోని ఒక చినుకు గీతను తలచుకోండి. అది గాడి కాదు, చెక్కకుండా వదిలేసిన చెక్క. పై నుంచి కింది దాకా దారంలాంటి గట్టు ఒక్కచోట ఎగిరిపోయినా ఆ దిమ్మె పనికిరాదు. పైగా ఆ వానను రెండు దిమ్మెలమీద, కాస్త తేడాగల వాలుతో చెక్కి ఒకదానిపై ఒకటి వేశారు. చూసేవారికి వాన చిక్కగా, కదులుతున్నట్టుగా తోచడానికి కారణం ఆ రెండు వాలులే. ముఖం, జుట్టు మొదళ్లు వంటివి పెద్ద పనివాడు తానే చెక్కి, మిగతా భాగాలను శిష్యులకు వదిలేవాడు.

గీత దిమ్మె పూర్తయ్యాక దానినుంచి కెంతో గుర్తులతో సహా కొన్ని నల్లప్రతులు తీస్తారు. ఒక్కో రంగు ఎక్కడ రావాలో ఒక్కో ప్రతి మీద చిత్రకారుడు గుర్తుపెడతాడు. ఆ ప్రతులనే కొత్త పలకలకు అతికించి రంగుల దిమ్మెలు చెక్కుతారు. ఈ విధంగా ప్రతి రంగు దిమ్మే మొదటి గీతకు సంతానమవుతుంది. పెడనలో కలంకారీ అద్దకంవాళ్లు గీతకు ఒక టేకు అచ్చు, నింపే రంగులకు వేరే అచ్చులు వాడటం మీరు చూసే ఉంటారు. ఆలోచన అదే గానీ, అక్కడ గుడ్డ బల్ల మీద పరిచి ఉంటే అచ్చు పైనుంచి దిగుతుంది. ఇక్కడ దిమ్మె కింద కదలకుండా ఉంటే కాగితం పైనుంచి దిగుతుంది. కదిలేది తేలికైన వస్తువు కావడంతో గురి తప్పే అవకాశం తగ్గింది. పూర్తి రంగులతో ఈ పద్ధతి 1765లో సుజుకి హరునొబు అనే చిత్రకారుడి బొమ్మలతో స్థిరపడింది. కవితాగోష్ఠులవారు తమలో తాము పంచుకోవడానికి వేయించుకున్న చిత్ర క్యాలెండర్లు దానికి నాంది పలికాయి. ఖర్చుకు వెనకాడని సంపన్నులు లేకపోతే అన్ని దిమ్మెలు చెక్కించే ధైర్యం మొదట ఏ ప్రచురణకర్తా చేసి ఉండడని నాకనిపిస్తుంది.

అచ్చువేసేవాడు నూనె సిరా వాడడు. నీటిలో కలిపిన రంగును, కాస్త బియ్యపు గంజిని దిమ్మె మీద వేసి కుంచెతో పరుస్తాడు. కాగితం మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసినది. దాని పొడవాటి పీచు వల్లనే పదిహేను సార్లు రుద్దినా చిరగదు. రంగు పాకకుండా ముందుగానే పటిక, జంతువుల జిగురు కలిపిన ద్రవం పూస్తారు. కాగితం పని జరుగుతున్నంతసేపూ ఒకే తడితో ఉండాలి. ఎండితే కుంచించుకుపోతుంది, అప్పుడు కెంతో ఎంత బాగా ఉన్నా రంగు జరుగుతుంది. మీ ఇబ్బందికి ఇది రెండో కారణం కావచ్చు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలలలో ఫ్యాను కింద తడి కాగితం నిమిషాలలో ఆరిపోతుంది. వానాకాలంలో మొదలుపెట్టండి, లేదా కాగితాలను తడి అట్టల మధ్య పెట్టి ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఒక్కొక్కటే తీసి వాడండి.

రుద్దే సాధనం ‘బరెన్’. వెదురు పీచును తాడుగా పేని, చుట్టలు చుట్టి, కాగితపు పొరలతో చేసిన బిళ్లకు అమర్చి, పైన వెదురు పొత్తి కప్పి ముడివేస్తారు. అరచేతిలో ఇమిడే ఆ బిళ్ల కింద భుజం బలమంతా పడుతుంది. ఆకాశం పైన ముదురుగా మొదలై కిందికి తేలిపోయే ‘బొకాషి’ అనే ఛాయ కూడా చెక్కడంతో వచ్చేది కాదు. దిమ్మెను తడిగుడ్డతో తుడిచి, కుంచెకు ఒక కొసనే రంగు పట్టించి పరుస్తాడు. ప్రతి కాగితానికీ ఆ పని మళ్లీ చేయాలి. అందుకే ఒకే దిమ్మె నుంచి వచ్చిన ఏ రెండు ప్రతులలోనూ మేఘం ఒకేలా ఉండదు.

చెర్రీ చెక్క ఇక్కడ దొరకదు. టేకు పీచు ముతక, సన్నగీతకు నిలవదు. జపాన్‌లోనూ నేటి కళాకారులలో చాలామంది మెత్తటి సన్నపీచు ప్లైవుడ్ వాడుతున్నారు కాబట్టి మీరూ దానితో మొదలుపెట్టవచ్చు. హైదరాబాద్ ప్రింట్‌మేకింగ్ అనగానే కె. లక్ష్మాగౌడ్ ఎచింగులు గుర్తుకొస్తాయి. ఆ పద్ధతిలో లోహఫలకంలోని గాడిలో సిరా నిలుస్తుంది, కాగితాన్ని ప్రెస్సు అందులోకి నొక్కుతుంది. చెక్క అచ్చులో గట్టు మీద ఉన్న రంగును కాగితం తీసుకుంటుంది. ఒకదానికి అలవాటుపడిన చేయి రెండోదానికి మారాలంటే కాస్త ఓపిక పట్టాలి. టోక్యోలోని అదాచి సంస్థ ఈనాటికీ పాత బొమ్మలను చెర్రీ దిమ్మెల మీద మళ్లీ చెక్కి అచ్చువేస్తూ, కొత్త పనివారికి శిక్షణ ఇస్తోంది. వారు పని చేస్తుండగా తీసిన వీడియోలలో చేతుల కదలికను శ్రద్ధగా గమనించండి.

ప్రశ్న: మా దగ్గరున్న జపాన్ బొమ్మ మీద గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి. ఫ్రేములు కట్టే షాపువారు బోర్డుకు అతికించి లామినేషన్ చేస్తే శాశ్వతంగా ఉంటుందన్నారు. చేయించవచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించకండి. లామినేషన్ చేసిన కాగితాన్ని తరువాత ఎవరూ విడదీయలేరు. బోర్డుకు అతికిస్తే వెనుకవైపు ఉన్న సాక్ష్యం మొత్తం పోతుంది. పై జవాబులో హిమాయత్‌నగర్ బొమ్మ గురించి తెలిసినదానిలో సగం దాని వెనుకవైపే చెప్పింది.

మచ్చలకు కారణం తేమ, ప్లైవుడ్ లేదా మామూలు అట్ట నుంచి వచ్చే ఆమ్లం. ముందుగా ఆ వెనుక అట్టను తీయించండి. ఆమ్లం లేని మౌంటు బోర్డు మధ్య బొమ్మను ఉంచి, పై అంచున రెండుచోట్ల మాత్రం పలుచని జపాన్ కాగితపు ముక్కలతో, గోధుమ గంజితో వేలాడదీయాలి. సెల్లోటేపు, ఫెవికాల్ తగలకూడదు. అద్దం బొమ్మకు ఆనుకోకుండా మధ్యలో సందు ఉండాలి. వానాకాలంలో చెమ్మదిగే గోడకు, వంటింటి గోడకు దూరంగా పెట్టండి. సిల్వర్‌ఫిష్ పురుగులకు గంజి అంటే ప్రాణం కాబట్టి ఏడాదికోసారైనా ఫ్రేము విప్పి చూడండి. మచ్చలను నిమ్మరసంతోనో, బ్లీచింగుతోనో పోగొట్టే ఇంటి చిట్కాలు చదివి ఉంటారు, వాటివల్ల మచ్చకు ముందు బొమ్మ పోతుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత కాగితాన్ని బాగుచేయడం తెలిసినవారు ఉన్నారు. చేయి పెట్టేముందు అటువంటివారి సలహా తీసుకోండి.

తేమకన్నా ప్రమాదకరమైనది వెలుతురు. పాత బొమ్మలలోని గులాబీ ఎరుపు కుసుమ పువ్వు నుంచి తీసినది, మన తెలంగాణలో నూనె కోసం పండించే ఆ కుసుమే. ఆ ఎరుపు, పూలనుంచే తీసిన ఒక లేతనీలం ఎండకు ఎంత తొందరగా వెలిసిపోతాయంటే, ఈనాడు మనం లేత గోధుమరంగు ఆకాశమని మెచ్చుకుంటున్నది ఒకప్పుడు నీలాకాశం అయి ఉండవచ్చు. సీసపు సింధూరం దీనికి విరుద్ధంగా నల్లబడుతుంది. మ్యూజియంలు ఇలాంటివాటిని దాదాపు 50 లక్స్ మసక వెలుతురులో, అదీ కొద్ది వారాలే ప్రదర్శిస్తాయి. స్పాల్డింగ్ సోదరులు 1921లో బోస్టన్ లలిత కళల మ్యూజియానికి సుమారు 6,500 బొమ్మలు ఇస్తూ, వాటిని ఎన్నడూ ప్రదర్శనకు పెట్టకూడదని షరతు విధించారు. చూడలేని కానుక ఎందుకని అప్పట్లో ఎవరైనా అడిగి ఉండవచ్చు గానీ, 18వ శతాబ్దపు ఊదా ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే పరిశోధకులు ఇప్పుడు ఆ కట్టలనే విప్పుతున్నారు. మీరు అంత దూరం వెళ్లనక్కరలేదు. ఎండపడని గోడకు కొన్ని నెలలు వేలాడదీసి, మిగతా కాలం బీరువాలో పడుకోబెట్టి ఉంచితే చాలు.

ప్రశ్న: అజంతా, ఎల్లోరాల మీద జపాన్ చిత్రకారుడు ఒకరు చెక్క అచ్చు బొమ్మలు చేశారని విన్నాను. నిజమేనా? వాటిలో అసలైనవి ఎలా గుర్తుపట్టాలి?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: నిజమే. ఆయన యొషిద హిరోషి (1876–1950). 1930లో కుమారుడు తోషిని వెంటబెట్టుకుని భారతదేశానికి వచ్చి, తిరిగి వెళ్లిన తరువాత 1931, 1932లలో తాజ్‌మహల్, కాశీ, ఉదయపూర్, అమృత్‌సర్, మదురై వంటి చోట్లతోపాటు అజంతా, ఎల్లోరా దృశ్యాలను కూడా అచ్చువేశాడు. ఆ రెండు గుహాక్షేత్రాలూ అప్పట్లో నిజాం రాజ్యంలోనివి కాబట్టి, హైదరాబాద్ సంస్థానం జపాన్ దిమ్మెల మీదికి ఎక్కిందని చెప్పుకోవచ్చు.

యొషిద కాలానికి పాత పద్ధతి దాదాపు మూతపడింది. ఫొటోలు, లితోగ్రఫీ (రాతిపలక మీది అచ్చు) వచ్చి బొమ్మల అంగళ్లను ఖాళీ చేశాయి. దానిని మళ్లీ నిలబెట్టినవారిలో ముందు చెప్పవలసిన పేరు వతనబె షోజబురో (1885–1962) అనే ప్రచురణకర్తది. కవసె హసుయి వంటి చిత్రకారులను చేరదీసి, నలుగురి పాత కట్టుబాటునే కొత్త దృశ్యాలకు వాడాడు. 1923 భూకంపం, దాని వెంట వచ్చిన మంటలలో ఆయన దుకాణం దిమ్మెలతో సహా బూడిదైంది. అంతకుముందు అచ్చయిన ప్రతులకు ఇంత గిరాకీ ఉండటానికి కారణం అదే. యొషిద మొదట ఆయనతో పనిచేసి, తరువాత సొంతంగా పనివారిని పెట్టుకుని, చెక్కడం, అచ్చువేయడం దగ్గరుండి చూసుకున్నాడు. ఒకే దిమ్మెలమీద రంగులు మార్చి పగటి దృశ్యాన్ని రాత్రిగా మార్చడం ఆయనకు ఇష్టమైన విద్య, తాజ్‌మహల్ బొమ్మలలో అది చూడవచ్చు. ఎల్లోరా రాతిమీది ఎండను నీటిరంగుతో అంత బరువుగా చూపినవారు నాకు తెలిసి మరొకరు లేరు.

ఆయన బతికుండగా అచ్చయిన ప్రతులకు ఎడమ అంచున ‘జిజురి’ అనే చిన్న ముద్ర ఉంటుంది, తన పర్యవేక్షణలో అచ్చయిందని దాని భావం. కింది అంచున పెన్సిలుతో ఇంగ్లీషు సంతకం ఉండటం మామూలు. ఆయన తదనంతరం కుటుంబంవారు అవే దిమ్మెలమీద తీసిన ప్రతులలో జిజురి ముద్ర ఉండదు, సంతకం కూడా పెన్సిలుది కాక అచ్చువేసినదై ఉంటుంది. అవి నకళ్లు కావు, ధర మాత్రం బాగా తక్కువ.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఇంట్లో ఉన్న పాత జపాన్ బొమ్మను ఆమెకు కొరియర్‌లో పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బొమ్మ వయసు ముందుగా తేల్చుకోండి. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం ప్రకారం 100 ఏళ్లు నిండిన కళావస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, దానిని సొంతంగా దేశం దాటించడం కుదరదు. అంతకంటే కొత్తదైనా, చూడటానికి పాతదిలా ఉంటే కస్టమ్స్‌వారు ఆపవచ్చు. అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ధ్రువపత్రం ఇస్తుంది. దానికి దరఖాస్తు ఎలా చేయాలో హైదరాబాద్ సర్కిల్ కార్యాలయంలో తెలుసుకుని, ఆ పత్రం చేతికి వచ్చిన తరువాతే పంపండి. పంపేటప్పుడు గొట్టంలో చుట్టవద్దు, రెండు గట్టి అట్టల మధ్య పరిచి కట్టించండి. చుట్టితే కాగితం మడతలు పడవచ్చు.